మూడడుగుల అక్వేరియం మొక్కలకు ఏ ఎరువు? నల్లగొండ నీళ్లకు సరిపోయే లెక్క

జూన్ మొదటి వారం, నల్లగొండలో ఎరువుల దుకాణం. పత్తి విత్తనాల కోసం వచ్చినవాళ్లతో కౌంటర్ కిక్కిరిసి ఉంది. సందు చేసుకుని ముందుకెళ్లి "పదమూడు సున్నా నలభై ఐదు కిలో ప్యాకెట్ ఉందా అన్నా?" అని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే "ఎన్నెకరాలు? బత్తాయికా, మిర్పకా?" అన్నాడు. "ఎకరాలు కాదన్నా, మూడడుగులు. చాపల డబ్బాల మొక్కలకు" అన్నాను. నా పక్కన ఉన్న ఇద్దరు రైతులు నవ్వారు. అందులో పెద్దాయన మాత్రం "చాపలున్న నీళ్లల్ల పిండేస్తే అవి సావయా?" అని అడిగాడు.

చస్తాయి. చావకుండా హాయిగా కూడా ఉంటాయి. ఏ పిండి (ఎరువు), ఎంత, ఏ నీళ్లలో వేశామన్నదాన్ని బట్టి ఉంటుంది.

అక్వేరియం మొక్కల కోసం ఇప్పుడు దొరికేవి తక్కువేం కాదు. ఆన్‌లైన్‌లో రకరకాల సీసాలు, వేళ్ల దగ్గర గుచ్చే గోళీలు, నల్ల గుళికల మట్టి, మన ఎరువుల దుకాణంలో నీళ్లలో కరిగే పొడులు. అన్నిట్లో ఉండేది మాత్రం ఈ సరుకుల్లో కొన్నో, అన్నీనో: నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం, ఇనుము, ఇంకొన్ని సూక్ష్మపోషకాలు. పొటాష్ విదేశీ సీసాలోంచి వచ్చిందా, మిర్యాలగూడ రోడ్డు మీది దుకాణంలోంచి వచ్చిందా అన్నది మొక్కకు పట్టదు. తేడా పడేది చేపకే. అందుకే ధర, బ్రాండ్ చూడకముందే నేను ప్యాకెట్ వెనక్కి తిప్పి, అందులోని నత్రజని ఏ రూపంలో ఉందో చూస్తాను. ఈ అలవాటు నాకు ఊరికే రాలేదు.

రెండు గ్రాముల యూరియా

ఐదేళ్ల కిందట మా తొట్టిలో అమెజాన్ స్వోర్డ్ మొక్క కింది ఆకులు పసుపు తిరిగాయి. వరి అలా పసుపెక్కితే మా నాయన ఏం చల్లేవాడో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ని. డాబా మీద కూరగాయల కుండీలకని తెచ్చిన యూరియా ఇంట్లోనే ఉంది. చెంచాలో సగం కూడా తీసుకోలేదు, రెండు గ్రాములుంటుందేమో. మగ్గులో కరిగించి పోశాను. మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజూ గప్పీలు మామూలుగానే తిరుగుతుంటే, అందరూ అనవసరంగా భయపెడతారు అనుకున్నాను. మూడో రోజు పొద్దున లైటు వేసేసరికి అన్నీ నీటి పైకొచ్చి నోళ్లు తెరుచుకుంటున్నాయి. సాయంత్రానికి పద్నాలుగింట్లో మూడు మిగిలాయి.

యూరియా పోసిన వెంటనే చేపను చంపదు. నీళ్లలోని, గులకరాళ్ల మీది బ్యాక్టీరియా దాన్ని మెల్లగా అమ్మోనియాగా విరగ్గొడుతుంది. దానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టి మోసపోతాం. లెక్క చూడండి. యూరియాలో నత్రజని 46 శాతం. రెండు గ్రాముల్లో 0.92 గ్రాము. మా తొట్టిలో గులకరాళ్లు పోను నీళ్లు 90 లీటర్లు. అంటే లీటరుకు 10 మిల్లీగ్రాముల నత్రజని, మొత్తం అమ్మోనియా అయ్యేదే. మామూలుగా నడిచే తొట్టిలో అమ్మోనియా సున్నా ఉండాలి.

దీనికి మన నీళ్లు ఇంకొంత తోడయ్యాయి. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయని అమ్మోనియం, రెండోది మొప్పల్ని కాల్చేసే అసలు అమ్మోనియా. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే విషపు భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే నూటికి ఐదు దాటుతుంది. ఎనిమిదిన్నర అయితే పదిహేను దగ్గరికొస్తుంది. నీళ్లు వేడెక్కితే ఇది ఇంకా పెరుగుతుంది. మా బోరు నీళ్ల పీహెచ్ ఆ రోజు కొలిస్తే 8.2. మెత్తటి (లవణాలు తక్కువున్న) నీళ్లున్న ఊళ్లో ఎవరో "నేను యూరియా వేశాను, ఏమీ కాలేదు" అని వీడియో పెడితే అది అబద్ధం కాకపోవచ్చు. వాళ్ల నీళ్లు వేరు, అంతే.

ఇంకో సంగతి. 2015 నుంచి మన దేశంలో రైతులకు అమ్మే యూరియాకు వేపనూనె పూత ఉంటోంది. చేనుకు అది మంచిదే, చేపల తొట్టిలోకి వేపనూనె ఎందుకు? చిన్న సీసాలో వస్తుంది కదా, ద్రవమే కదా అని నానో యూరియా వైపు చూసేవాళ్లూ ఉన్నారు. సీసా చిన్నదైనా అదీ యూరియానే.

ప్యాకెట్ల మీది అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు, నాలుగోది ఉంటే గంధకం. డీఏపీలో, 20-20-0-13లో ఉన్నది అమ్మోనియా రూపం నత్రజనే. 19-19-19 పొడి నీళ్లలో చక్కగా కరుగుతుంది, కుండీలకు బాగా పనిచేస్తుంది, కానీ అందులోని నత్రజనిలో ఎక్కువ వాటా యూరియా, అమ్మోనియాలదే. చేపల దగ్గర వీటికి పని లేదు. నైట్రేట్ రూపం కథ వేరు. లీటరుకు 20 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్నా గప్పీలు, మోలీలు ఇబ్బంది పడవు, మొక్క దాన్నే తిని పెరుగుతుంది.

ఎరువు కంటే ముందు నీళ్లు

మన వైపు ఇళ్లలో మూడు రకాల నీళ్లుంటాయి: బోరు, నల్లా, క్యాన్.

నల్లగొండ బోరు నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్ నీరి సంస్థవాళ్లు పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్, అంత పేరుంది మనకు. మొక్కల ఎరువు ఎంచుకునేటప్పుడు మాత్రం ఫ్లోరైడ్ కంటే దాని వెంట ఎక్కువగా ఉండే బైకార్బొనేట్ ముఖ్యం. నీళ్ల పీహెచ్‌ని ఎనిమిది పైన పట్టి ఉంచేది అదే. నిమ్మకాయ పిండి దించుదామని చూస్తే రెండో రోజుకు మళ్లీ ఎక్కి కూర్చుంటుంది, మధ్యలో చేపలకు అవస్థ. అలాంటి ప్రయత్నాలు వద్దు. గప్పీ, మోలీ, ప్లాటీలకు గట్టి నీళ్లంటేనే ఇష్టం. వాలిస్నేరియా, హార్న్‌వర్ట్ కూడా ఆ నీళ్లలో బాగానే పెరుగుతాయి.

చేల మధ్య ఉన్న బోర్లలో ఇంకో విచిత్రం ఉంటుంది. ఏళ్ల తరబడి చల్లిన పిండి కొంత భూమిలోకి ఇంకి, నీళ్లలో నైట్రేట్‌గా కనిపిస్తుంది. తాగునీటికి ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు, దాన్ని దాటే బోర్లు కూడా ఉంటాయి. అలాంటి నీళ్లు తొట్టిలో పోస్తూ పైనుంచి నత్రజని కొనడం డబ్బులు పోసి నాచు పెంచుకోవడమే. నైట్రేట్ కొలిచే చుక్కల కిట్ ఒకటి కొనుక్కోండి, సీసా ఎరువు కంటే ముందు. వాటర్ ప్లాంట్ కుర్రాళ్ల దగ్గరుండే టీడీఎస్ మీటర్ దీనికి పనికిరాదు. అది మొత్తం లవణాల లెక్క చెబుతుంది తప్ప ఏ లవణమో చెప్పదు.

కృష్ణా నీళ్లు, మిషన్ భగీరథ నల్లా నీళ్లు కాస్త మెత్తగా ఉంటాయి, కానీ క్లోరిన్ ఉంటుంది. ఒక రోజు బకెట్లో వదిలేయాలి, లేదా క్లోరిన్ తీసే చుక్కలు వేయాలి. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు ఆర్ఓ కాబట్టి కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు. ఒట్టి క్యాన్ నీళ్లతో నింపిన తొట్టిలో కొత్త ఆకులు మెలితిరిగి రావడం నేను చూశాను. బోరు నీళ్లు సగం, క్యాన్ నీళ్లు సగం కలిపితే రెండిటి గుణాలూ సర్దుకుంటాయి. నాది ఇప్పుడు ఆ మిశ్రమమే, పీహెచ్ 7.6 దగ్గర నిలకడగా ఉంటోంది.

అసలు వేయకపోతే?

ఎరువు అమ్మేవాళ్లు చెప్పని మార్గం ఇది. చాలామందికి ఇదే చాలు. చేపల రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయి. మేతలో మిగిలింది కూడా ఎరువే. అనుబియాస్, జావా ఫెర్న్, జావా నాచు, హార్న్‌వర్ట్ లాంటివి పెట్టుకుని, మామూలు ఎల్ఈడీ రోజుకు ఆరేడు గంటలు వెలిగించేవాళ్లకు ఏ సీసా అవసరం లేదు. ఆకులు మెల్లగా వస్తాయి, అంతే. చెరువులో దొరికే హైడ్రిల్లా తెచ్చి వేసేవాళ్లూ ఉన్నారు. అది రెట్టను బాగా లాగేస్తుంది, నిజమే. కానీ వరిపొలాల కింది చెరువైతే మందుల నీళ్లు తాగిన మొక్క అది, జలగలు కూడా తోడు రావచ్చు. తెస్తే పది పదిహేను రోజులు వేరే బకెట్లో, నీళ్లు మారుస్తూ ఉంచి తర్వాత వేయండి.

రెట్టలో చాలినంత ఉండనివి పొటాష్, ఇనుము. అందుకే ఎరువు లేని తొట్టిలో ముందు కనిపించేవి వాటి లోపాలే. ఎలా గుర్తుపట్టాలో బత్తాయి తోట ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. సున్నం ఎక్కువున్న నేలలో బత్తాయి కొత్త చిగురు తెల్లబడి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి కదా, తొట్టిలోనూ ఇనుము లోపం అచ్చం అలాగే ఉంటుంది. కొత్త ఆకులే పాలిపోతాయి. కింది పాత ఆకులు మొత్తంగా పసుపెక్కి రాలుతుంటే నత్రజని తక్కువ. పాత ఆకుల మీద సూదితో గుచ్చినట్టు చిల్లులు పడి, చుట్టూ పసుపు అంచు కనిపిస్తే పొటాష్. పాత ఆకుల్లో ఈనెల మధ్య మాత్రమే పసుపైతే మెగ్నీషియం అనుకోవచ్చు. పాడైన ఆకు తిరిగి బాగవదు, కొత్తగా వచ్చే ఆకును చూసే తీర్పు చెప్పాలి. కనీసం రెండు వారాలు ఆగాలి. మూడో రోజే "ఏం తేడా లేదు" అని డోసు పెంచేవాళ్లే ఎక్కువ దెబ్బ తింటారు.

సీసాలు

మొదటిసారి ఎరువు వేసేవాళ్లకు నేను చెప్పేది సీసానే. ఖరీదు ఎక్కువ, అయినా లెక్క తప్పే అవకాశం తక్కువ. కాకపోతే "మొక్కల ఎరువు" అని రాసి ఉన్న సీసాలన్నీ ఒకటి కాదు. కొన్నిట్లో సూక్ష్మపోషకాలు, కాస్త పొటాష్ మాత్రమే ఉంటాయి. ఉదాహరణకు సీకెమ్ ఫ్లోరిష్ లేబుల్ చదివితే నత్రజని 0.07 శాతం, పొటాష్ 0.37 శాతం, ఇనుము 0.32 శాతం అని ఉంటుంది. చేపలు బాగా ఉన్న తొట్టికి ఇది బాగా సరిపోతుంది, ఎందుకంటే నత్రజని రెట్టలోంచి వస్తుంది. చేపలు తక్కువ, మొక్కలు ఎక్కువ ఉన్నచోట ఇదొక్కటే వేస్తే మొక్క ఆకలి తీరదు. ట్రోపికావాళ్లవి రెండు సీసాలు. ప్రీమియంలో నత్రజని, భాస్వరం ఉండవు, స్పెషలైజ్డ్‌లో ఉంటాయి. పేరు చూసి కాకుండా లోపలేముందో చూసి ఎంచుకోవాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

నత్రజని కలిపిన సీసాల్లో కొన్నిటిలో యూరియానో అమ్మోనియమో కొద్దిగా ఉంటుంది. చెప్పిన డోసులో వాడితే ప్రమాదం లేనంత తక్కువే. అయినా మన పీహెచ్‌కి నేను సగం డోసుతో మొదలుపెట్టమంటాను. డోసు కొలిచేటప్పుడు తొట్టి కొలతలు కాకుండా లోపలి నీళ్లు లెక్కపెట్టండి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు తొట్టి నిండా పోస్తే 106 లీటర్లు. గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 90 మిగులుతాయి. ఫ్లోరిష్ లాంటిది 250 లీటర్లకు 5 మిల్లీలీటర్లు, వారానికి ఒకటి రెండుసార్లు అని రాసి ఉంటుంది. మన 90 లీటర్లకు రెండు మిల్లీలీటర్లు కూడా పట్టదు. మూతతో కాదు, సూది లేని సిరంజితో కొలవాలి. మెడికల్ షాపులో పది రూపాయలకు దొరుకుతుంది.

అదే అలమారలో "లిక్విడ్ కార్బన్" సీసాలు కూడా ఉంటాయి. అది ఎరువు కాదు. గ్లూటరాల్డిహైడ్ జాతి మందు. నాచును చంపుతుంది కాబట్టి అందరూ మెచ్చుకుంటారు, వాలిస్నేరియా ఆకుల్ని కూడా కరిగించేస్తుంది. మన గట్టి నీళ్లలో చక్కగా పెరిగే మొక్కే వాలిస్నేరియా అయినప్పుడు ఆ సీసా జోలికి ఎందుకు వెళ్లడం?

వేరు గోళీలు

రూట్ ట్యాబ్ అంటారు. అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్, వాలిస్నేరియా లాంటివి వేళ్లతో బాగా తింటాయి. వాటికి మొదలు పక్కన రెండు అంగుళాల లోతున గుచ్చితే రెండు మూడు నెలలు చూసుకోనక్కర్లేదు. ఒట్టి ఇసుక, గులకరాళ్ల అడుగున్న తొట్టిలో స్వోర్డ్ పెట్టుకున్నవాళ్లకు సీసా కంటే ఇదే నయం. నా పసుపు తిరిగిన స్వోర్డ్‌ను చివరికి నిలబెట్టింది ఇదే. అనుబియాస్, జావా ఫెర్న్, జావా నాచులకు మాత్రం గోళీ పెట్టినా దండగే, అవి రాళ్లకో కర్రకో అంటుకుని నీళ్లలోంచి తింటాయి.

గోళీలతో జాగ్రత్త ఒకటుంది. కొన్నిట్లో నర్సరీల్లో వాడే పూత గుళికలు నింపుతారు. ఆ పూత వేడిని బట్టి ఎరువు వదులుతుంది. మన ఎండాకాలం తొట్టి నీళ్లు 32 డిగ్రీలు దాటితే అనుకున్నదాని కంటే త్వరగా వదులుతుంది. అందులో అమ్మోనియం కూడా ఉంటుంది. లోతుగా ఉన్నంతసేపు ఏమీ కాదు. మొక్కను పీకి వేరేచోట పెట్టేటప్పుడు గోళీ పైకొస్తేనే ఇబ్బంది. అలా పీకిన రోజు మూడో వంతు నీళ్లు మార్చేయాలి. బంకమట్టిలో డీఏపీ గింజలు పెట్టి ఇంట్లోనే గోళీలు చేసే పద్ధతి ఒకటి తిరుగుతోంది. ఎవరికైనా పనిచేసిందేమో కానీ, పీహెచ్ ఎనిమిదున్న నీళ్లలో నేను మాత్రం చేయను.

ఎరువుల దుకాణం పొడులు

రెండు మూడు తొట్లున్నవాళ్లకు, నాలుగడుగుల పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు సీసాలు గిట్టుబాటు కావు. అప్పుడు మన రైతులు డ్రిప్పులో వదిలే పొడులే దారి. చేపలకు నిశ్చింతగా వాడగలిగేవి ఇవి: 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్, 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్, 0-0-50 అంటే పొటాషియం సల్ఫేట్, ఆపైన మెగ్నీషియం సల్ఫేట్. వీటిలో యూరియా, అమ్మోనియా లేవు. దుకాణంలో రసాయన పేరు చెబితే తెల్లమొహం వేస్తారు, అంకెలతోనే అడగాలి. ఎర్ర పొటాష్ అడగొద్దు, అది కరగని మడ్డి వదులుతుంది.

కిలో ప్యాకెట్ రెండు మూడు వందల్లో వస్తుంది. వారానికి రెండు గ్రాములు వాడితే ఐదు వందల వారాలు, అంటే దాదాపు పదేళ్లు. మేం నలుగురం కలిసి ఒక్కో రకం కొని పంచుకున్నాం.

లెక్క ఇలా. అర లీటరు క్యాన్ నీళ్లలో 50 గ్రాముల 13-0-45 కరిగించి ఒక సీసాలో పెట్టుకోండి. అందులోంచి తీసే ప్రతి 10 మిల్లీలీటర్లలో ఒక గ్రాము ఉంటుంది. వంద లీటర్ల తొట్టిలో ఆ పది మిల్లీలీటర్లు వేస్తే నైట్రేట్ లీటరుకు 6 మిల్లీగ్రాములు, పొటాషియం 4 మిల్లీగ్రాముల దాకా పెరుగుతాయి. మామూలు లైటు తొట్టికి వారానికి ఒక్కసారి ఇదే ఎక్కువ. 0-52-34 ఇంత కూడా వద్దు. ఇంకో సీసాలో అర లీటరుకు 5 గ్రాములే. దాంట్లోంచి 10 మిల్లీలీటర్లు వంద లీటర్లకు వేస్తే ఫాస్ఫేట్ లీటరుకు 0.7 మిల్లీగ్రాము వస్తుంది, చాలు. చేపలు ఎక్కువున్న తొట్టికి ఇది అవసరమే పడదు, మేతలోనే బోలెడంత భాస్వరం ఉంటుంది. బోరు నీళ్లలో నైట్రేట్ ఇప్పటికే ఉందనుకోండి, 13-0-45 మానేసి 0-0-50 వాడండి. వంద లీటర్లకు గ్రాము వేస్తే లీటరుకు నాలుగు మిల్లీగ్రాములకు కాస్త పైగా పొటాషియం వస్తుంది, నత్రజని రాదు. నా మట్టుకు నేను నల్లగొండ చుట్టుపక్కల బోరు నీళ్లకు మొదటి ఎంపిక ఇదే అంటాను. ఆన్‌లైన్‌లో ఎవరూ దీన్ని ముందు పెట్టరు, వాళ్ల నీళ్లలో నైట్రేట్ లేదు కాబట్టి.

గ్రాములు తూచడానికి చెంచాను నమ్మొద్దు. నగలు తూచే చిన్న డిజిటల్ కాటా కొనండి, వంటగది త్రాసు రెండు గ్రాములకు తడబడుతుంది.

ఇనుము దగ్గర మనవాళ్లు ఎక్కువ తప్పులు చేస్తారు. నారుమడికి వేసినట్టు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) వేస్తే తొట్టి నీళ్లు గంటలో తుప్పు రంగుకు తిరుగుతాయి. మన నీళ్లలో అది నిలవదు, మడ్డిగా మారి మొప్పల మీద పేరుకుంటుంది. మొక్కకు అందేది దాదాపు సున్నా. చీలేటెడ్ ఇనుమే, అంటే మడ్డిగా మారకుండా పట్టి ఉంచే పదార్థంతో కలిపిన ఇనుమే వాడాలి, అందులోనూ రకాలున్నాయి. దుకాణంలో ఎక్కువగా దొరికే ఈడీటీఏ రకం ఆరున్నర పీహెచ్ లోపే బాగా నిలుస్తుంది. డీటీపీఏ రకం ఏడున్నర దాకా పట్టి ఉంచుతుంది. బోరు నీళ్లకు పనికొచ్చేది ఈడీడీహెచ్ఏ, తొమ్మిది దగ్గర కూడా చెక్కుచెదరదు. బత్తాయి రైతులు వాడే ముదురు ఎరుపు గుళికలు ఇవే. 6 శాతం ఇనుమున్న ఈ పొడి 5 గ్రాములు అర లీటరులో కలిపి, వంద లీటర్లకు 10 మిల్లీలీటర్లు వేస్తే చాలు. నీళ్లకు పలచటి గులాబీ రంగు వస్తుంది, ఒకటి రెండు రోజులు ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్లు అడిగితే చెప్పుకోవాలి, అంతకు మించి నష్టం లేదు. ఇనుము సీసాలో 0-52-34 కలపకండి, రెండూ కలిసి తెల్లటి మడ్డిగా అడుగున చేరతాయి.

మిగతా సూక్ష్మపోషకాలకు దుకాణంలోని మిశ్రమం పొడి తీసుకుందామనిపిస్తుంది. నేను వద్దంటాను. పైరు కోసం చేసిన ఆ మిశ్రమాల్లో చాలావాటిలో జింక్ ఎక్కువ, కాపర్ కూడా చేర్చి ఉంటుంది. నీళ్లలో కొంచెం ఎక్కువైన రాగి రొయ్యలకు, నత్తలకు విషం. చెర్రీ రొయ్యలు పెంచేవాళ్లు ఈ ఒక్కదానికి మాత్రం అక్వేరియం సీసానే కొనుక్కోవాలి. చిన్న సీసా ఏడాది వస్తుంది.

మట్టి అడుగు

తొట్టి అడుగున అంగుళం మట్టి వేసి, పైన అంగుళంన్నర ఇసుక కప్పే పద్ధతి అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ చెప్పినప్పటి నుంచి బాగా ప్రచారంలోకి వచ్చింది. మొక్కలకు ఇంతకంటే చవకైన తిండి లేదు. మన వైపు దొరికే రెండు మట్టుల్లో నల్లరేగడి ఉబ్బి, కదిలిస్తే వారం దాకా నీళ్లు తేరుకోవు. ఎర్ర చెలక మట్టి నయం. అయితే పత్తి చేనులోది, ఈమధ్య గడ్డిమందు కొట్టిన చోటిది వద్దు. వర్మీ కంపోస్టు కలిపితే గుప్పెడు చాలు. తడి మట్టి మొదటి నెలంతా అమ్మోనియా వదులుతుంది కాబట్టి అప్పటిదాకా చేపలు వేయకూడదు. ఈ ఓపిక ఉంటేనే ఈ దారి. ఉన్న తొట్టిలో చేపలుండగా మట్టి వేసే ఆలోచన పెట్టుకోవద్దు. పేడ, జీవామృతం నీళ్లు అసలు తలచుకోవద్దు. వాటిలోని సూక్ష్మజీవులు ఒక్క రాత్రిలో నీళ్లలోని ఆక్సిజన్‌ను తోడేస్తాయి.

మరి మీకు ఏది?

పది గప్పీలు, రెండు అనుబియాస్ ఉన్న రెండడుగుల తొట్టికి ఏదీ వద్దు. స్వోర్డ్ ఒక్కటే పాడవుతుంటే గోళీ. మొక్కలు నిండుగా ఉండి ఒకే తొట్టి అయితే సీసా, సగం డోసుతో. పెద్ద తొట్టి, తూకం వేసే ఓపిక, నైట్రేట్ కిట్ మూడూ ఉంటే పొడులు. కిట్ లేకుండా పొడుల జోలికి వెళ్లకండి. సూక్ష్మపోషకాల సీసా, ఈడీడీహెచ్ఏ ఇనుము, 0-0-50 మూడూ కలిపి నడిపేది నేను. నెలకు ఖర్చు చేపల మేత కంటే తక్కువే.

ఏది ఎంచుకున్నా వారానికి మూడో వంతు నీళ్లు మార్చడం తప్పదు. వేసిన దాంట్లో మొక్క తినగా మిగిలింది బయటికి పోయే దారి అదొక్కటే. ఏప్రిల్, మేలలో నేను డోసు సగానికి దించేస్తాను. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములకు పైగా కరిగే ఆక్సిజన్ 33 డిగ్రీలకు ఏడు దగ్గరికి పడిపోతుంది, కరెంటు పోతే ఫిల్టరూ ఆగుతుంది. ఆ రోజుల్లో చేపకు ఊపిరి ఆడటమే ముఖ్యం, మొక్క సంగతి వానలు పడ్డాక చూసుకోవచ్చు.

ఎక్కువ పోశామని అనుమానం వస్తే, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే, ఆలోచించకుండా సగం నీళ్లు తీసి అంతే వేడి ఉన్న, క్లోరిన్ లేని నీళ్లు నింపండి. గాలి పంపు పెట్టండి. రెండు రోజులు మేత వేయొద్దు. సాయంత్రానికి కుదుటపడకపోతే మళ్లీ మార్చండి. ఆ రోజు నేను ఏ మందు పోయాలా అని ఫోనులో వెతుకుతూ గంట పోగొట్టుకున్నాను. ఆ గంటలో నీళ్లు మార్చి ఉంటే ఇంకొన్ని గప్పీలు దక్కేవి.

పొడులు తెచ్చినవాళ్లు వాటిని పాత హార్లిక్స్ సీసాలో పోసి వంటింట్లో పెట్టకండి. 13-0-45 చూడ్డానికి అచ్చం ఉప్పులాగే ఉంటుంది, పైగా నిప్పుకు దగ్గర పెట్టే సరుకు కాదు. మా ఇంట్లో ఓసారి పప్పులో పడబోయి చెంచా దగ్గర ఆగింది. అప్పటి నుంచి దాని చోటు డాబా మెట్ల కింద, తాళం వేసిన డబ్బాలో, ఎర్ర అక్షరాలతో పేరు రాసి.